తెలిసి చేయడం, చేసి తెలుసుకోవడం

ఒక పని మొదలుపెట్టే ముందు దాని గురించి ఎంత తెలిసి ఉండాలన్న ప్రశ్న సాఫ్ట్‌వేర్ కంటే చాలా పాతది. సాఫ్ట్‌వేర్ రంగం ఆ ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులకూ పేర్లు పెట్టుకుంది. సంప్రదాయ పద్ధతిలో ఏం కావాలో మొదటే రాసుకుని, సంబంధించిన వాళ్లందరి సంతకాలు తీసుకుని, ఆ తర్వాత నమూనా, ఆ తర్వాత కోడింగ్, ఆపైన పరీక్ష, చివరికి అప్పగింత. మెట్టు మీద మెట్టుగా కిందికి దూకే నీటిలా పని సాగుతుంది కనుక దాన్ని వాటర్‌ఫాల్ అన్నారు. అజైల్ పద్ధతిలో పనిని స్ప్రింట్ అనే రెండు మూడు వారాల ముక్కలుగా కోసుకుంటారు. ముక్క పూర్తయిన ప్రతిసారీ వాడేవాళ్లకు చూపిస్తారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి తర్వాతి ముక్క ఏదో నిర్ణయిస్తారు.

2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచాక స్ప్రింట్, స్టాండప్, బ్యాక్‌లాగ్ అన్న మాటలు హైదరాబాద్ పొలిమేర దాటి మానేరు ఒడ్డుకూ వచ్చాయి. ఈ రెండింటిలో ఏది మేలని ఉద్యోగపు ఇంటర్వ్యూలో అడిగితే ‘ప్రాజెక్టును బట్టి’ అని చెప్పమని కోచింగ్ సెంటర్లు నేర్పుతాయి. ఆ జవాబు తప్పేమీ కాదు, కాకపోతే ప్రాజెక్టులో దేన్ని బట్టి అన్నది అందులో ఉండదు. భారతీయ దర్శనాల్లో ప్రమాణ చర్చ అనేది ఒకటుంది. ఏది నిజమైన జ్ఞానం, అది నిజమని ఎప్పుడు, ఎలా తెలుస్తుంది అన్నది దాని విషయం. ఈ ‘దేన్ని బట్టి’ని వెతకవలసిన చోటు అదే.

ముందు కర్మకాండ సంగతి చూడాలి. మంత్రకూటమని పాత పేరున్న మంథనిలో గానీ, ధర్మపురిలో గానీ ఏ వ్రతమైనా సంకల్పంతో మొదలవుతుంది. కాలం, చోటు, గోత్రం, పేరు, ఏ ఫలం కోరి ఏ కర్మ చేస్తున్నారన్నది అంతా నోటితో చెప్పాకే చేతిలో నీళ్లు వదులుతారు. గోదావరికి ఏ ఒడ్డున కూర్చున్నారో కూడా చెప్పుకుంటారు. మంథనిలో దక్షిణ తీరమన్నవాళ్లు అదే మంచిర్యాలకు వెళ్తే ఉత్తర తీరమనాలి. సంప్రదాయ పద్ధతిలో అవసరాల పత్రం చేసే పని ఇదే. ఎవరి కోసం, ఎక్కడ, ఎప్పటికి, ఏ ఫలానికి అన్నవి తేలకుండా పని మొదలు కాకూడదు.

కానీ ముందే అన్నీ రాసిపెట్టుకునే ఈ సంప్రదాయం, మధ్యలో ఏదీ మారదని ఎన్నడూ అనుకోలేదు. పెద్ద యజ్ఞాల్లో బ్రహ్మ అనే ఋత్విక్కు దాదాపు మాట్లాడకుండా కూర్చుని మిగతావాళ్ల పొరపాట్లను గమనిస్తుంటాడు. ఏ తప్పుకు ఏ ప్రాయశ్చిత్తమో కల్పసూత్రాలు ముందే జాబితా కట్టి పెట్టాయి. వైదిక కర్మలను విచారించే జైమిని మీమాంసా సూత్రాల పన్నెండు అధ్యాయాల్లో తొమ్మిదోది ఊహ గురించి. ఒక మూలకర్మ కోసం ఉన్న మంత్రాన్ని దాని పోలికలో నడిచే మరో కర్మలో వాడాల్సి వస్తే, దేవత పేరో ద్రవ్యం పేరో మార్చి చెప్పడమే ఊహ. పదో అధ్యాయం బాధ గురించి. మూలంలో ఉన్న ఏ అంగం కొత్త సందర్భంలో అక్కరలేకుండా పోతుందో అది చెబుతుంది. అంటే మార్పుకు రెండు పూర్తి అధ్యాయాలు కేటాయించారు. మార్చడానికి లేదని అనలేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చకూడదన్నారు. ప్రాజెక్టు ఆఫీసుల్లో మార్పుల కమిటీలు చేసే పనీ ఇంచుమించు ఇంతే, కాకపోతే జైమిని అంత ఓపికగా చేయవు.

సంప్రదాయం అనగానే కాగితం గుర్తు రావడం కూడా ఒక అలవాటే. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ చేసే మెస్రం వంశీయులు అంతకుముందే కాలినడకన గోదావరి హస్తినమడుగుకు వెళ్లి ఝారీలో నీళ్లు తెస్తారు. ఎవరు ముందు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎవరికి ఏ బాధ్యత అన్నవన్నీ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ వంశగాథను కాపాడుతూ వచ్చింది ప్రధాన్ గాయకుల పాట, వాళ్ల జ్ఞాపకం. పత్రం లేకుండానే పని ఇంత క్రమంగా నడుస్తుంది. కనుక ‘పత్రాలుంటే సంప్రదాయం, లేకుంటే అజైల్’ అన్న లెక్క చెల్లదు.

ఒక వ్యాసం వాటర్‌ఫాల్‌ను సిఫారసు చేసిందన్న ప్రచారం కూడా సగమే నిజం. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు పెద్ద సాఫ్ట్‌వేర్ పనుల నిర్వహణ మీద ఒక వ్యాసం రాశాడు. మెట్లమెట్లుగా దిగే బొమ్మ అందులో ఉంది. ఆ బొమ్మ కిందే, ఈ రకంగా చేస్తే ప్రమాదమని, వైఫల్యాన్ని పిలిచినట్టేనని ఆయన రాశాడు. కొత్త రకం పనైతే ఒకసారి చిన్నగా చేసి చూసి, రెండోసారి అసలుది చేయమన్నాడు. వాడకందారును మొదటి నుంచీ కలుపుకోమన్నాడు. వాటర్‌ఫాల్ అన్న మాట ఆ వ్యాసంలో లేదు, తర్వాతివాళ్లు తగిలించారు. బొమ్మను చూసినవాళ్లు కింది వాక్యాలు చదవలేదో, చదివినా లెక్కపెట్టలేదో గానీ, 1985లో అమెరికా రక్షణ శాఖ తన గుత్తేదార్లకు పెట్టిన ప్రమాణం ఇంచుమించు ఆ మెట్ల వరసనే అనుసరించింది. మూలగ్రంథం వద్దన్నదే భాష్యకారుల చేతిలో విధి అయిపోవడం శాస్త్ర చరిత్ర ఎరిగినవారికి కొత్త కాదు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో 17 మంది ప్రోగ్రామర్లు కలుసుకుని అజైల్ ప్రకటన రాశారు. నాలుగు మొగ్గులు, పన్నెండు సూత్రాలు. పద్ధతుల కంటే మనుషులకు, పత్రాల కంటే నడిచే సాఫ్ట్‌వేర్‌కు, ఒప్పందాల బేరం కంటే వినియోగదారుతో కలిసి పనిచేయడానికి, వేసుకున్న ప్రణాళిక కంటే మార్పుకు స్పందించడానికి ఎక్కువ విలువ ఇస్తామన్నారు. రెండో వైపున్న వాటికీ విలువ ఉందని అదే ప్రకటనలో ఒప్పుకున్నారు. రాయిస్ హెచ్చరికలాగే ఈ వాక్యాన్ని కూడా జనం మర్చిపోయారు. అజైల్ అంటే పత్రాలు రాయనక్కర్లేదన్న భ్రమ అక్కడ పుట్టిందే.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో అజైల్‌ను గీతలోని నిష్కామ కర్మతో పోల్చడం ఈ మధ్య మామూలైంది. ఆ పోలిక నిలవదు. ఫలం మీద ఆసక్తి వదులుకోమంటుంది గీత. అజైల్ బృందం రెండు వారాలకోసారి ఫలాన్ని బల్ల మీద పెట్టి తూకం వేస్తుంది. ఫలం మీద ఇంత ఎడతెగని చూపున్న పద్ధతి మరొకటి దొరకడం కష్టం. దానికి చుట్టం కావాలంటే న్యాయ దర్శనంలో వెతకాలి.

ఒక జ్ఞానం నిజమైనదని ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నకు మీమాంసకులు, న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఎదురెదురు జవాబులు చెప్పారు. కుమారిల భట్టు వంటి మీమాంసకుల మాటలో ప్రామాణ్యం స్వతస్సిద్ధం. జ్ఞానం కలిగిందంటే అది నిజమైనట్టే, దాన్ని కాదనే మరో జ్ఞానం ఎదురయ్యేదాకా నమ్మవచ్చు. నైయాయికులు ప్రామాణ్యం పరతః అన్నారు. జ్ఞానానికి బయటి నుంచి రుజువు కావాలి. న్యాయసూత్రాల మీద వాత్స్యాయన భాష్యం మొదలయ్యేదే ఈ మాటతో. ప్రమాణం వల్ల తెలిసినదాన్ని పట్టుకుని ముందుకు వెళితే పని ఫలిస్తుంది, ఆ ఫలించడమే దాని సార్థకత. దూరాన నీళ్లు కనిపించాయి. అవి నీళ్లో ఎండమావో దగ్గరికి వెళ్లి దప్పిక తీర్చుకుంటే తేలుతుంది. బౌద్ధుల్లో ధర్మకీర్తి అర్థక్రియ అన్నది కూడా దీనికి దగ్గరే. అనుకున్న ప్రయోజనాన్ని నెరవేర్చిన జ్ఞానమే సరైన జ్ఞానం. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల నాటి స్తూపం ఉన్న సీమకు బౌద్ధుల ఈ వాదం మరీ పరాయిది కాదు.

నడిచే సాఫ్ట్‌వేరే ప్రగతికి ముఖ్యమైన కొలమానమని అజైల్ సూత్రం చెప్పినప్పుడు అది వాత్స్యాయనుడి పక్షాన నిలబడుతుంది. సంతకాలైన పత్రాన్ని, దాన్ని కాదనేది ఎదురయ్యేదాకా నమ్మి పనిచేసే సంప్రదాయ పద్ధతి కుమారిలుడి పక్షం. మీమాంసకులు నైయాయికులకు వేసిన ప్రశ్న అజైల్‌కూ వర్తిస్తుంది. ఫలించాకే నిజమని తెలిసేటట్టయితే మొదటి అడుగు దేన్ని నమ్మి వేస్తావు? మొదటి స్ప్రింట్‌లో ఏం చేయాలో ఏ స్ప్రింట్ చెబుతుంది?

దీనికి న్యాయ సంప్రదాయంలో వచ్చిన జవాబే ఈ చర్చ మొత్తానికి కీలకం. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో న్యాయమంజరి రాసిన జయంత భట్టు విషయాన్ని రెండుగా విడదీశాడు. ఫలం కంటికి కనిపించే లౌకిక విషయాల్లో నిశ్చయం లేకుండానే మనిషి పనికి దిగవచ్చు, సందేహమే చాలు. నీళ్లు కాకపోతే నాలుగడుగులు వృథా, అంతే. కానీ ఫలం కంటికి కనిపించని, లెక్కలేనంత ధనం, శ్రమ ఖర్చయ్యే వైదిక కర్మల్లో ప్రామాణ్యం ముందే తేల్చుకోకుండా దిగడం వివేకులకు తగదు. దీన్ని బట్టి చూస్తే పద్ధతి ఏదైనా మంచిదే కావచ్చు, చెడ్డదే కావచ్చు. తప్పయితే పోయేది ఎంత, తప్పని తెలిసేది ఎప్పుడు అన్న రెండు కొలతలే పనికొస్తాయి. సాఫ్ట్‌వేర్ నిపుణులు బారీ బోమ్, రిచర్డ్ టర్నర్ 2003లో రాసిన పుస్తకంలో ఇదే ఎంపికకు ఐదు అంశాలు చెప్పారు: వైఫల్యం ఎంత ప్రమాదకరం, అవసరాలు ఎంత వేగంగా మారతాయి, బృందం ఎంత పెద్దది, మనుషుల నేర్పు ఎంత, సంస్థ స్వభావం ఎలాంటిది. ఐదూ అవసరమైనవే. అయినా మొదటి అంశం ముందు మిగతా నాలుగూ చిన్నవి, జయంతుడు పట్టుకున్నది దాన్నే.

ఈ కొలతలు చేతిపనుల్లో ఇంకా తేటగా కనిపిస్తాయి. ఆదిలాబాద్ సీమలో ఓజులు చేసే డోక్రా బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు పోగులు చుట్టి బొమ్మకు రూపమిస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు, కనుక ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. మైనం చేతిలో ఉన్నంతసేపూ పోగు తీసి పోగు వేయవచ్చు, ఏనుగు తొండం పక్కకు తిప్పవచ్చు, కొనేవాడొచ్చి చూసి మార్చమన్నా మార్చవచ్చు. లోహం పోసిన క్షణం నుంచి ఆ స్వేచ్ఛ ఉండదు. ఒకే బొమ్మలో రెండు పద్ధతులూ ఉన్నాయి, వాటి మధ్య గీత ఎక్కడ పడుతుందో ఓజు కళాకారుడికి బాగా తెలుసు. సాఫ్ట్‌వేర్‌కు లోహం పోయడం అనేదే లేదని, ఎప్పుడైనా మార్చవచ్చని అనుకోవడం వల్లనే అజైల్ పేరుతో జరిగే పొరపాట్లలో చాలా భాగం జరుగుతుంది. తెర మీది రంగులు, మీటల వరస మైనమే. లక్షల మంది వివరాలు ఎక్కిన డేటాబేస్ మాత్రం పోసిన ఇత్తడి.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే పూర్తిగా పోత పని. ఒకే రోజు, ఒకే ఫారం. బీవండి, ముంబై, సూరత్ వలస వెళ్లిన కరీంనగర్ కుటుంబాలు కూడా ఆ ఒక్కరోజు కోసం బస్సులు పట్టుకుని ఊళ్లకు వచ్చాయి. ఫారంలో ఒక గడి మరిచిపోతే రెండు వారాల తర్వాత మళ్లీ పిలవడం కుదరదు. అలాంటి పనికి ప్రశ్నలన్నీ ముందే తేలాలి, చిన్న ఊళ్లో పరీక్షించి చూసుకోవడమూ ముందే జరగాలి. ఇక్కడ అజైల్ మాట ఎత్తడమే అనవసరం.

భూమి రికార్డుల కథ అంత సులువైనది కాదు. 2017 సెప్టెంబరులో రాష్ట్రంలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. దానికి ముందు సంవత్సరం, 2016 అక్టోబరు 11న, జిల్లాల సరిహద్దులే మారాయి. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోగా, కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. ఊరి సర్వే నంబరు అలాగే ఉంది, జిల్లా పేరు, కొన్నిచోట్ల మండలం పేరు మారాయి. అవసరాలు ముందే స్థిరపరచవచ్చన్న నమ్మకాన్ని ప్రభుత్వమే ఒక్క ఉత్తర్వుతో ఎలా కదిలించగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2020 అక్టోబరు 29న భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైంది. దానితో పాటు వచ్చిన కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. తహశీల్దారు కార్యాలయంలోనే వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, వెంటనే మ్యుటేషన్ అన్నది నిజంగా పెద్ద సౌకర్యం. కానీ పాత భూమి రికార్డు అయిన పహాణీలో ఎవరు దున్నుతున్నారో రాసే అనుభవదారు గడి, ఊళ్లలో కాస్తు కాలం అని పిలిచేది, ధరణి రికార్డులో లేకుండా పోయింది. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరినా సరిదిద్దుకునే దారులు మొదట్లో చాలా తక్కువ. ఆ దారులను తర్వాత ఒక్కొక్క మాడ్యూల్‌గా కలుపుతూ పోయారు, వాటి సంఖ్య ముప్పై దాటింది. మొదలుపెట్టిన తీరు చూస్తే వాటర్‌ఫాల్, రాష్ట్రమంతా ఒకేసారి. సరిదిద్దిన తీరు చూస్తే అజైల్, ముక్క తర్వాత ముక్క. సంప్రదాయ పద్ధతికి ఉండాల్సిన ముందస్తు పరీక్ష, అజైల్‌కు ఉండాల్సిన చిన్న ఆరంభం, రెండూ దీనికి సరిపడా దక్కలేదు.

ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. మొదట నాలుగు జిల్లాల్లో ఒక్కో మండలం చొప్పున తీసుకున్నారు. రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకుని చూశాక మిగతా జిల్లాలకు విస్తరించారు. అప్పీలుకు అంచెలు మళ్లీ వచ్చాయి. మీమాంస మాటల్లో చెబితే ప్రాయశ్చిత్త కాండ మళ్లీ గ్రంథంలో చేరింది. ఒక వ్యవస్థను అజైల్ అనో సంప్రదాయమనో పిలిచే ముందు అందులో తప్పును ఒప్పుకుని దిద్దే చోటు ఉందో లేదో చూడటం ఎక్కువ ఉపయోగం.

మీమాంసలో మరో విభజన ఈ ఎంపికకు నేరుగా అక్కరకొస్తుంది. ఆరో అధ్యాయంలో జైమిని నిత్యకర్మకూ కామ్యకర్మకూ తేడా చెప్పాడు. రోజూ చేయక తప్పని అగ్నిహోత్రం వంటి నిత్యకర్మలో ఏదో ఒక అంగం కుదరకపోయినా శక్తి కొద్దీ చేయాలి, మానకూడదు. ప్రత్యేకమైన ఫలం కోరి చేసే కామ్యకర్మను మాత్రం అన్ని అంగాలూ పూర్తిగా చేయగలిగితేనే మొదలుపెట్టాలి, ఒక్కటి తగ్గినా ఫలం రాదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఏళ్ల తరబడి నడుస్తూ ఉండాల్సినవి కొన్ని ఉంటాయి. బస్సు వేళలు చెప్పేది, మార్కెట్ యార్డులో పత్తి ధర చూపేది ఈ కోవలోవి. ఆదిలాబాద్ పత్తి రైతుకు ఆ రోజు ధర సగం తెరలో కనిపించినా మేలే, మిగతా సగం వచ్చే నెల చేర్చవచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పంపేది, ఒకరి పేరున ఉన్న ఎకరాలను ఇంకొకరి పేరుకు మార్చేది కామ్యకర్మ లాంటివి. డబ్బు సగం దారిలో ఆగిపోతే అది సగం ఫలం కాదు, పూర్తి నష్టం. ఒకే పోర్టల్‌లో రెండు రకాల పనులూ ఉండవచ్చు కనుక ఎంపిక పోర్టల్‌కు మొత్తంగా ఒకటే అయి ఉండనక్కర్లేదు. యాజమాన్యం మార్చే భాగానికి సంకల్పం, నియమం, సాక్షి, పరీక్ష అన్నీ ముందే కావాలి. చూసుకునే తెరలు, దరఖాస్తు ఫారాలు, సందేశాల భాష వంటివి జనంలో పెట్టి దిద్దుకోవచ్చు.

ఇక మిగిలింది, తప్పు ఎవరి మీద పడుతుందన్నది. దప్పికైనవాడే నీళ్ల దగ్గరికి నడిచి వెళ్లి చూస్తాడు కనుక జయంతుడి లౌకిక ఉదాహరణలో నష్టమైనా లాభమైనా అతనిదే. స్ప్రింట్ పద్ధతిలో ప్రయోగం చేసేది ఒకరు, ప్రయోగానికి లోనయ్యేది మరొకరు. కంపెనీతో పని చేయించుకునే వినియోగదారు బల్లకు అవతలి పక్కనే కూర్చుంటాడు, నచ్చకపోతే చెబుతాడు. ఉట్నూరు ఏజెన్సీలో గోండీ మాట్లాడే రైతు మీసేవ కేంద్రంలో ఆపరేటర్ చెప్పింది విని రసీదు పట్టుకుని వెళ్లిపోతాడు. అతని అసమ్మతి చేయాల్సిన పనుల జాబితాలో, ఏ బ్యాక్‌లాగ్‌లోనూ చేరదు. అజైల్ ప్రకటనలోని వినియోగదారుతో కలిసి పనిచేయడం అన్న మొగ్గుకు ఆ వినియోగదారు మాట వినబడటం ముందు షరతు. వినబడని చోట అజైల్ చక్రం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ దేన్నీ రుబ్బదు. సంప్రదాయ పద్ధతి కూడా ఇక్కడ తప్పించుకోలేదు. అవసరాల పత్రం మీద సంతకం చేసేది అధికారి. పొలం దున్నేవాడు ఆ గదిలో ఉండడు.

ఎవరి మాట ప్రమాణం అన్న ఈ ప్రశ్నకు న్యాయసూత్రాలు శబ్ద ప్రమాణం కింద జవాబిచ్చాయి. ఆప్తుడి మాట ప్రమాణం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. కులం, చదువు, హోదా ఆ నిర్వచనంలో లేవు. ఈ లెక్కన ఒక సర్వే నంబరులో ఏ మూల ఎవరు దున్నుతున్నారో చెప్పడానికి ఆ గట్టు మీద నిలబడిన రైతు, పక్క పొలం రైతు ఆప్తులు. పాత పహాణీలో కాస్తు కాలం నింపడానికి గ్రామాధికారి పొలం దాకా వెళ్లి అడగాల్సి వచ్చేది. వెళ్లకుండానే నింపిన సందర్భాలూ ఉంటాయి గానీ, ఆ గడి ఉన్నంతకాలం అడగాల్సిన బాధ్యత కాగితం మీదైనా ఉండేది. గడి తీసేయడం కోడ్‌లో ఒక చిన్న మార్పు. దానితో పాటు పోయింది, ఆ రైతును సాక్షిగా పిలిచే సందర్భం.